పైన ఉండాల్సిన ఎర్ర సున్నా

"ఇలా రా తల్లీ. ఈ బొమ్మ చూడు, ఆ పోస్టర్ చూడు. చూసి నేను ఏ గోడకేసి తల కొట్టుకోవాలో నువ్వే చెప్పు."

గ్యాలరీ యజమాని గొంతు హాలు చివరిదాకా వినిపించింది. కుర్చీలు సర్దుతున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. డిజైనర్ చేతిలోని కాఫీ కప్పు పక్కన పెట్టి దగ్గరికి వచ్చింది.

అప్పుడే గుడ్డ విప్పిన పెద్ద కాన్వాసు గోడకు ఆనించి ఉంది. తెల్లటి రంగు మీద పైన ఒక ఎర్ర సున్నా, కింద రెండు నల్ల పట్టీలు. అంతే బొమ్మ. పక్కన వేలాడుతున్న పోస్టర్‌లోనూ అవే ఉన్నాయి. కాకపోతే పట్టీలు పైకెక్కాయి, సున్నా కిందికి దిగింది. వాటి మీద ఆమె స్వయంగా చేత్తో గీసిన అక్షరాలు: 'మన చిత్రకారుల కొత్త బొమ్మలు'. అక్షరాలు మాత్రం ముచ్చటగా కుదిరాయి, వంక పెట్టడానికి లేదు.

"తలకిందులుగా అచ్చయిందండీ," అంది మెల్లగా.

"అబ్బో, కనిపెట్టేశావే! ఊరంతా అంటించాక! ఫైలు పంపింది ఎవరు?"

"నేనే."

"కాన్వాసు వెనకాల ఇంత పొడుగు బాణం గీసి ఉందిగా, ఇటు పైకి అని. ఫోటో తీసినప్పుడు చూశావా?"

"చూశాను."

"చూసి కూడానా! నీ బుర్ర ఏ షికారుకెళ్ళింది?"

ఆమె తల వంచుకుంది. "అచ్చుకివ్వబోయే ముందు మీకూ చూపించాను కదండీ."

"నాకేం తెలుస్తుంది? నాకు ఎటు తిప్పినా ఒకలాగే..." అనబోయి యజమాని నాలిక్కరుచుకున్నాడు.

అన్ని గొడవలకూ ఆ మాటే కదా మూలం. ఆ బొమ్మ వేసింది ఆమె సొంత అన్నయ్య. ఏళ్ళ కిందట అతని మొదటి ప్రదర్శనలో ఎవరో పెద్దమనిషి "ఈ బొమ్మలకు పైనేది, కిందేదమ్మా?" అని అడిగాడు. "మా అన్నయ్య బొమ్మ ఎటు తిప్పి పెట్టినా ఒకటేనండీ" అనేసింది ఆమె సరదాగా. హాలంతా ఘొల్లుమంది. అన్నయ్య ఒక్కడే నవ్వలేదు. ఆ సాయంత్రమే బొమ్మలన్నీ దింపుకుని వెళ్ళిపోయాడు.

అంతే, అప్పటినుంచీ చెల్లెలితో మాటల్లేవు. ఇంటికెళ్తే గది తలుపు తీయడు. ఫోన్ చేస్తే వదిన ఎత్తి "పక్కనే ఉన్నాడమ్మా, అడ్డంగా తల ఊపుతున్నాడు" అని గుసగుసలాడి పెట్టేస్తుంది. తప్పయిందని వేడుకుంది, ఏడ్చింది, వదిన చేత రాయబారాలు నడిపింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించింది ఆ అన్నయ్యే. వంకరగా గీస్తే నెత్తిన మొట్టి "మొద్దూ" అనేవాడు. ఇప్పుడు ఆమె గీసిన అక్షరాలను అందరూ మెచ్చుకుంటారు గానీ, మొద్దూ అనేవాడే లేడు. ఆ లోటు ఆమెకు ఏ పూటా తీరలేదు.

"కాళ్ళావేళ్ళా పడితే ఇన్నాళ్ళకు ఒక్క బొమ్మ ఇచ్చాడు," యజమాని మళ్ళీ అందుకున్నాడు. "అదీ మా చెల్లెలితో మాట్లాడే పని పెట్టకపోతేనే అని. ఇది చూశాడంటే జన్మలో నీ మొహం చూడడు. నాదీ చూడడు."

"చూస్తాడంటారా?" గబుక్కున అడిగింది.

"చూడక ఎక్కడికి పోతాడు? అన్నిటికంటే పెద్ద పోస్టర్ వాళ్ళింటి ఎదురు గోడకే ఉంది. ఆ గోడ ఖాళీగా ఉందని చెప్పింది నువ్వేగా!"

"అవును," అంది.

"ఎవర్నైనా పంపి చింపించేస్తాను."

"వద్దండీ! చింపుతుంటే చూస్తే ఇంకా మండిపోతాడు."

అంతలో ఆమె ఫోన్ మోగింది. తెర మీద 'అన్నయ్య' అని ఉంది. ఎన్నేళ్ళయిందో ఆ పేరు అక్కడ కనిపించి.

"అయిపోయింది మన పని," అన్నాడు యజమాని. "స్పీకర్ పెట్టు. ఇద్దరం కలిసే తిందాం తిట్లు."

"ఏమే మొద్దూ!" ఫోన్ అదిరిపోయింది. "కళ్ళున్నాయా, కాఫీలో కలుపుకుని తాగేశావా? సున్నా కింద పెడతావా? దాన్ని పైన నిలబెట్టడానికి ఎన్నిసార్లు చెరిపి వేశానో తెలుసా నీకు?"

"తెలీదన్నయ్యా. చెప్పు."

"చెప్తే బుర్రకెక్కుతుందా? ఎటు తిప్పినా ఒకటేనని ఇంకా అనుకుంటున్నావా?"

"లేదన్నయ్యా. పైనుంటేనే బాగుంది. కిందుంటే దానికి ఊపిరాడనట్టుంది."

అవతల అన్నయ్య గొంతు కాస్త తగ్గింది.

"ఆ మాత్రం తెలుసన్నమాట," అన్నాడు. "అక్షరాలు నువ్వేనా గీసింది?"

"ఆఁ."

"త్ర కింద ఒత్తు ఇంకా వంకరే. నేనొచ్చేదాకా కొత్తది అచ్చుకివ్వకు. పక్కన కూర్చుని చేయిస్తా. ఏడుస్తున్నావా? ఏడవకు, ముక్కు ఎర్ర సున్నా అవుతుంది."

"నువ్వు రా అన్నయ్యా," అంది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి.

ఫోన్ పెట్టేశాక యజమాని నుదుటి చెమట తుడుచుకున్నాడు. "హమ్మయ్య, గండం గట్టెక్కింది! ఇలాంటి పొరపాటు మళ్ళీ చెయ్యకు తల్లీ."

"చెయ్యనండీ," అంది కళ్ళు తుడుచుకుంటూ.

బొమ్మను ఆమె కావాలనే తిప్పింది.