నాలుగో మైకు

బాపట్లలో ఓ చిన్న చర్చి పాటల బృందానికి సౌండు చూసే ఏసురత్నం, నాలుగు కొట్లు తిరిగి చవకలో కొత్త మిక్సర్ తెచ్చాడు. తెర ఉన్నది రెట్టింపు ధర. ఇదైతే ఏదైనా పైకే చెబుతుంది, పైకే అడుగుతుంది. పాత మిక్సర్ అలవాట్లన్నీ కొత్తది నిమిషంలో నేర్చేసుకునే కాలమాయె.

ఇంట్లో రికార్డింగుకి ఆరుగురూ మైకుల ముందు నిలబడ్డారు. నాలుగో మైకు ఏసురత్నం అక్క కరుణమ్మది.

"నాలుగో మైకు తొమ్మిదేళ్లుగా సున్నాలో ఉంది," అని స్పీకర్లోంచి పలికింది మిక్సర్. "ఇకమీదటా అలాగే ఉంచమంటారా?"

ఏసురత్నానికి తల కొట్టేసినట్టయింది. జబ్బుచేసి అక్క గొంతు జీరబోయిన ఏడాది, నలుగురూ నవ్వుతారని తనే తగ్గించాడు. ఆమె ఇయర్‌ఫోన్లో మాత్రం ఆమె గొంతు వినబడనిచ్చాడు. ప్రతి ఆదివారం "బాగా పాడావక్కా" అన్నాడు కూడా.

దాని నోరు మూయించే మీట కోసం తడిమాడు. ఈ ధరకి మీటలు కూడా ఇవ్వరు.

"అవునో కాదో చెప్పండి," అంది మిక్సర్ మళ్లీ.

కరుణమ్మ మిగతా ఐదుగురి వంకా చూసింది. ఎవరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. ఆమె చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీసేసింది.

"చెప్పు తమ్ముడూ," అంది మెల్లగా. "నిన్నే అడుగుతోంది."