కూర్చునే చోటు

కాలువగట్టున ఉన్న ఆ నూటయాభై ఏళ్ళ రెవెన్యూ ఆఫీసు గురించి ఇంజనీర్లు చెప్పలేనివన్నీ శ్రీకర్‌కు గంగారత్నం చెప్పింది.

వాన ఏ మూల కారుతుందో, దక్షిణం కిటికీలోంచి కొల్లేటి గాలి ఎన్నింటికి మొదలవుతుందో, రికార్డు గదిలో చెదలు ఏ బీరువా దాకా వచ్చాయో ఆమెకు కంఠతా వచ్చు. కుర్రాడు ఆర్కిటెక్టు. ఈ పాత ఆఫీసును బాగుచేయడమే అతని మొదటి పెద్ద పని. రెండు వారాలుగా ఆమె వెంటే తిరుగుతున్నాడు.

వారసత్వ కట్టడం కాబట్టి గోడలు కదపకూడదు. ఏసీలు వీలైనంత తగ్గించాలి. పైన సోలార్ పలకలు, కింద వాననీటి తొట్టి. అతను ఉత్సాహంగా బొమ్మలు చూపిస్తుంటే ఆమె ఊ కొట్టేది. ఆ ముఖంలో సంతోషం ఉండదు. దిగులూ ఉండదు. ఎండకు ఎండి వానకు తడిసిన గోడను చూస్తున్నట్టే ఉంటుంది.

పదకొండేళ్ళుగా అదే వరండా, అదే బల్ల అని ఆమే ఒకసారి చెప్పింది. పొద్దున్నే కైకలూరు బస్సు దిగి పదింటికల్లా వచ్చేస్తుంది. ఈలోగా ఆఫీసర్లు ఏడుగురు మారారట. గుమాస్తా మమత శుక్రవారం మూరెడు మల్లెపూలు ఇస్తే, తీసుకుని సంచిలో వేసుకోవడం శ్రీకర్ చూశాడు.

ఆ రోజు మొదటిసారి ఆమే తన కోసం నోరు తెరిచి ఒకటి అడిగింది.

"ఏవండీ బాబూ, ఆ బల్ల తీసేత్తన్నారంట కదండీ. కొత్తదాంట్లో నాకు కూర్చోడానికి ఇంత చోటుంటదాండీ?"

"ఎందుకుండదమ్మా! బల్ల బదులు మంచి కుర్చీ, నెత్తిన ఫ్యాను. ముందు మీకే."

"ఫ్యాను లేపోయినా పర్లేదండీ. లోపల్నించి పిలిత్తే వినపడాలి."

శ్రీకర్‌కు గుండె కరిగింది. పనిమీద ఇంత ధ్యాస ఉన్న మనుషులు ఇంకా ఉన్నారా అనుకున్నాడు. వెంటనే సీట్ల జాబితా తీశాడు. నలభై రెండు పేర్లు. ఆమె పేరు లేదు. నిన్నగాక మొన్న చేరినవాళ్ళందరూ ఉన్నారు, అందరికంటే పాత మనిషినే మరిచిపోయారు! ఒళ్ళు మండిపోయింది. నలభై మూడో నంబరు వేసి గంగారత్నం అని తనే రాశాడు. పక్కన హోదా గడి ఖాళీగా ఉంది.

"మీది ఏ ఉద్యోగమమ్మా? అటెండరా, స్వీపరా?"

ఆమె ముఖంలో ఇప్పుడూ ఏ మార్పూ లేదు.

"నాకు ఉద్యోగమేంటండీ, పడవ తిరగబడి కొల్లేట్లో పోయిన మా ఆయన ఒళ్ళు దొరకలేదు, చనిపోయినట్టు సర్టిఫికెట్టు ఇత్తారేమోనని వత్తన్నానండి."