తోడేళ్లు ముట్టని మంద

అందరి మందల్నీ చీల్చి చెండాడే తోడేళ్లు తన మందని మాత్రం ఎందుకు ముట్టవో, అక్కకి ఏళ్ల తరబడి అంతుపట్టలేదు.

కంప్యూటర్ ఆటలోని మందే. కానీ పగలంతా కుట్టుమిషన్‌కి అతుక్కుపోయే మనిషికి, సాయంత్రం ఆ గొర్రెల్ని చూస్తేనే ప్రాణం లేచొచ్చేది.

విచిత్రమైన ఆట. ఎందరు ఆడినా అందరికీ ఒకటే మైదానం. మనం ఆపేసి లేచిపోయినా మన బొమ్మ అక్కడే నిలబడి ఉంటుంది. గొర్రెలు మేస్తూనే ఉంటాయి. తోడేళ్లు తిరుగుతూనే ఉంటాయి.

మొదట్లో ఆమె మంద దాకా వచ్చేవి. "అమ్మో, తోడేళ్లు!" అని వీధంతా వినిపించేలా అరిచేది. కాసేపటికి వాటంతటవే మాయమయ్యేవి. కిందటేటి నుంచి అసలు రావడమే మానేశాయి.

"అంతా ఆ స్వామి దయ," అని తెరకే దణ్ణం పెట్టేది.

"స్వామికి నీ గొర్రెలు కాయడం తప్ప వేరే పని లేదా అక్కా?" అనేవాడు తమ్ముడు.

"ఏమో, ఉందో లేదో నువ్వే అడుగు."

పోయిన వారం ఆ దయ ఆగిపోయింది. తోడేళ్లు పడ్డాయి. సగం మంద పోయింది.

"ఈ లాప్‌టాప్ తెర చిన్నదిరా. దూరమంతా మసక. ఎటునుంచి వస్తున్నాయో కనబడి చావడం లేదు."

అందుకే తమ్ముడు రెండు పెద్ద మానిటర్లు మోసుకొచ్చాడు. ఫోర్‌కే తెరలు. ఎదురింట్లోవి.

అక్క వెనక్కి జరిగింది. "పోయినాయనవా?"

"ఆయన పోయాడు గానీ తెరలు పోలేదుగా! వాళ్ల చెల్లెలు ఇల్లు ఖాళీ చేస్తోంది. తీసుకెళ్లమంది."

ఎదురింటాయనంటే అక్కకి పడేది కాదు. ఎప్పుడు చూసినా ఆ కిటికీ దగ్గరే, మొహం మీద నీలం వెలుగుతో కూర్చుని ఉండేవాడు. కిందటేడు ఒకనాడు ఉండబట్టలేక, "ఏమండీ, మా ఇంట్లోకి చూడ్డం తప్ప మీకు పనేం లేదా?" అని కడిగేసింది.

ఆయన కిటికీ మూసేశాడు. మళ్లీ తెరవలేదు.

ఇప్పుడు ఆ తెరలు తన బల్ల మీద. ఒకదాని అంచున ఎవరిదో వేలిముద్ర. అక్క తుడవబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

తమ్ముడు లాప్‌టాప్‌కి తగిలించాడు. బొమ్మ పెద్దదైంది. మసక మాత్రం అలాగే ఉంది.

"ఇంత తెరకి ఇదేనట్రా?"

"మన కేబుల్ పాతదక్కా. అంత బొమ్మని మోసే సత్తువ దీనికి లేదు."

అంతలో ఎవరో తలుపు తట్టారు. ఎదురింటాయన చెల్లెలు. నెరిసిన జుట్టు, చేతిలో లావాటి కేబుల్.

"ఇది మర్చిపోయావు బాబూ. ఇది లేకపోతే బొమ్మ సరిగా రాదనేవాడు."

తమ్ముడు కేబుల్ మార్చాడు. ఆవిడ అక్క కుర్చీ వెనక నిలబడి చూస్తోంది. లాప్‌టాప్ ఫ్యాను ఆయాసపడుతూ మూలగడం మొదలుపెట్టింది.

మసక విడిపోయింది. గడ్డి పరకపరకగా కనిపించింది. వాగు కనిపించింది. వాగవతల, ఇన్నేళ్లూ మబ్బనుకున్నది ఒక కొండ.

కొండ మీద ఒక మనిషి. చేతిలో విల్లు. మొహం ఇటువైపే.

అక్క తెరకేసి వేలు చూపించింది. "ఎవర్రా వాడు? నన్నే చూస్తున్నాడు!"

తమ్ముడు తెర మీదకి వంగాడు. కొండవాలు పొడుగునా బాణాలు గుచ్చుకుని ఉన్నాయి.

"నిన్ను కాదక్కా, నీ మందని. ఇన్నాళ్లూ ఎవరో కాపలా కాశారు."

"మరి ఇప్పుడు కాయడేం?"

"ఆడే మనిషి లేడు. బొమ్మ నిలబడి ఉంది, అంతే."

పొదల్లోంచి తోడేళ్లు వచ్చాయి. కొన్ని మంద వైపు, కొన్ని కొండ వైపు. ఆ మనిషి కదల్లేదు.

"చంపేస్తే మళ్లీ లేస్తాడా?"

"లేవడు. తుడిచిపెట్టుకుపోతాడు. అక్కా, ముందు గొర్రెల్ని చూడు! మిగిలినవి అవే!"

అక్క వినలేదు. మందని వదిలేసి వాగు దాటింది. కొండెక్కింది. ఆ మనిషికి అడ్డంగా నిలబడి, తన విల్లుతో బాణం మీద బాణం వేసింది.

చివరి తోడేలు వాలు మీంచి దొర్లిపోయేసరికి, కింద దొడ్డి ఖాళీ.

"పోతే పోయాయి," అంది అక్క ఊపిరి పీల్చుకుని. "ఎవరైతేనేం, ఇన్నాళ్లు కాసిన మనిషికి ఈమాత్రం చెయ్యకపోతే ఎలా?"

కుర్చీ వెనక నిలబడ్డ పెద్దావిడ ముందుకొచ్చి, తెర మీది బొమ్మ భుజాన్ని మెల్లగా వేలితో తాకింది.

"మా అన్నయ్యేనమ్మా. ఆ ఇంట్లో వినపడే మనిషి గొంతు నీదొక్కటే. నీ కేకలు వినబట్టే ఈ ఆట తెచ్చుకున్నాడు. నువ్వు అరిచినప్పుడల్లా కొండెక్కేవాడు. కిటికీ మూశాక నీ అరుపు వినపడదుగా, అందుకని మరి కొండ దిగనే లేదు."