బొట్టు పెట్టిన స్పానర్లు

కార్ల వర్క్‌షాపులో చేరబోతున్న మా అమ్మాయి మోహనప్రియ రెండు పనిముట్ల పెట్టెలు తెచ్చింది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. నచ్చనిది రేపు తిరిగి ఇమ్మన్నాడట పనిముట్ల షాపు టౌకే, అంటే యజమాని.

"ఆడపిల్లకి సిన్నది సాలు. పెద్దది ఇచ్చెయ్," అన్నారు మా ఆయన.

"దాంతో కారు సక్రం కూడా ఊడదు లాహ్, నానా!" అమ్మాయికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఆ రోజు ఆయుధపూజ. నేను రెండు పెట్టెలూ తెరిచి దుర్గమ్మ పటం ముందు పెట్టి, ఆయన చేతికి కుంకుమ గిన్నె ఇచ్చాను. పూజలో కూర్చుంటే ఆయన ఏదీ వదలరు. ప్రతి స్పానరుకూ ఓపిగ్గా బొట్టు పెట్టారు.

మర్నాడు ఆయన పెద్ద పెట్టె పట్టుకుని బయలుదేరబోతుంటే మెల్లగా అడిగాను.

"అమ్మోరికి పెట్టినది మళ్ళీ షాపుకి ఎలాగ ఇచ్చేస్తారండి?"

ఆయన ఆ బొట్లకేసీ నాకేసీ చూశారు.

"నన్నే బోల్తా కొట్టించినావేటే! సరే, పెద్దది దానికే. మరి ఈ సిన్నది ఏటి సేస్తావు?"

"అది నాకు. ఆదివారం నుంచి అమ్మాయి నేర్పుతానన్నాది. ముందు మీ కారే ఇప్పుతాం."