రాజమల్లు చెయ్యి పడిన జీపులు

వెంకటేశం జీపు వరుసగా పదో రోజు కూడా పొద్దున స్టార్టు కాలేదు.

తాళం తిప్పితే టక్కుమని ఒక్క చప్పుడు, అంతే. ఎక్కి కూర్చున్న ప్రయాణికులు ఒక్కొక్కరే దిగారు. ధర్మపురి పోవాల్సిన పెద్దమనుషులు పంచెలు ఎగగట్టి, కోరుట్ల బస్టాండు ముందు జీపును నెట్టారు. కిరాయి ఇచ్చి మరీ బండి నెట్టే భాగ్యం ఆ ఊళ్ళోనే ఉంది.

"కూసున్నదానికి కిరాయి దీస్కుంటవు, మరి నెట్టినదానికి కూలియ్యవా?" అంది రాములవ్వ, గంప నెత్తిన పెట్టుకుని జీపు వెనకాల నడుస్తూ.

ఇదంతా రాజమల్లు చలవే. పది రోజుల కింద వెంకటేశం జీపుకు టేపురికార్డరు బిగించింది అతనే. అంతకుముందు ఆ బండికి ఏ రోగమూ లేదు.

రాజమల్లుది బస్టాండు పక్కన చిన్న రేకుల షెడ్డు. బోర్డు మీద ఆటో ఎలక్ట్రీషియన్ అని ఎర్రరంగుతో రాయించుకున్నాడు. పదిహేనేళ్ళ నుంచి లారీల వైరింగు చేస్తున్న మనిషి. ఒకప్పుడు జగిత్యాల నుంచి కూడా బండ్లు వచ్చేవి. ఆ పేరే అతనికి అన్నం పెట్టేది. అలాంటి పేరును ఒక్క టేపురికార్డరుతో ఎలా పోగొట్టుకోవాలో అతన్ని చూసే నేర్చుకోవాలి.

వెంకటేశం జీపు మళ్ళీ షెడ్డుకు వచ్చింది. రాజమల్లు బ్యాటరీ మూతలు తీసి నీళ్ళు చూశాడు. తీగల కొసలు గీకి గ్రీజు పూశాడు. డైనమో బెల్టును వేలితో నొక్కాడు. చివరికి బ్యాటరీకీ తీగకూ మధ్య చిన్న బల్బు పెట్టాడు. తాళంచెవి వెంకటేశం జేబులో ఉంది, అయినా బల్బు వెలిగింది. అంటే బండి ఆగి ఉన్నా కరెంటు ఎక్కడికో పోతోందన్నమాట. ఆ సంగతి బల్బుకు అర్థమైంది, రాజమల్లుకు కాలేదు.

"బ్యాటరీ పాతగైంది కావచ్చు," అని తేల్చాడు.

అది కొని ఆర్నెల్లు కాలేదు. వెంకటేశం సరేనని తలూపి వెళ్ళిపోయాడు. ఇలాంటివాడికి అలాంటివాడే దొరుకుతాడు.

అవి అడవుల్లో తుపాకులు పట్టిన అన్నల రోజులు. చీకటి పడితే ఆ రోడ్ల మీద జీపు తిరిగేది కాదు. సంపాదన ఏదైనా వెలుతురున్నంతసేపే. అలాంటప్పుడు పొద్దున్నే లేవని బండి ఎవరికి కావాలి? తెల్లవారుతుండగానే జీపు కోసం వచ్చినవాళ్ళు, నెట్టాల్సిన బండి అని తెలిసి బూతులు తిట్టి పోయేవారు. ఒకసారి ఒకాయన వెంకటేశం చెంప పగలగొట్టాడు కూడా. మర్నాడు మళ్ళీ అదే టేపు, అదే పాట, అదే నెట్టుడు. సిగ్గుండాలి మనిషికి.

వింత ఏమిటంటే, ఇంత చూసి కూడా మిగతా డ్రైవర్లు రాజమల్లు దగ్గరికే పోయారు. లస్మయ్య పోయాడు. అతని పక్క బండి వెంకటి పోయాడు. నెల తిరిగేసరికి అడ్డా మీదున్న ఏడు జీపులకూ టేపులొచ్చాయి, ఏడింటికీ అదే రోగం వచ్చింది. వీళ్ళకన్నా గొర్రెలు నయం.

రైసుమిల్లు యజమాని మదన్ మోహన్ రావు లారీలు మూడూ రాజమల్లు దగ్గరే బాగయ్యేవి. ఆయన ఒకరోజు షెడ్డు ముందు ఆగి, వెంకటి జీపుకు బిగిస్తున్న వైరును చూసి నవ్వాడు.

"ఏమయ్యా, టేపు వైరు సీదా బ్యాటరీకిస్తరా ఎవరన్న? తాళం దీసినా కరెంటు పోతనే ఉంటది గదా. తాళం స్విచ్చి కాడికెళ్ళి ఇయ్యాలె. గింత గూడ తెల్వదా నీకు?"

"అట్లనా సారూ," అన్నాడు రాజమల్లు తల గోక్కుంటూ.

విని నేర్చుకున్నాడా? ఆ వైరును మళ్ళీ బ్యాటరీకే బిగించాడు. ఆ మరుసటి వారం నుంచి మదన్ మోహన్ రావు లారీలు జగిత్యాలకు పోయాయి. ఆయన వెనకాల మరో ఇద్దరు లారీల వాళ్ళు.

ఇంట్లో అతని భార్య దేవవ్వ అన్నం పెడుతూ మొహం మాడ్చుకుంది.

"ఉన్న లారీలన్ని పాయె. నలుగుట్ల నవ్వులపాలైతిమి. గా వైరేందో సక్కగ వెడితే నీ సొమ్మేం పోతది?"

రాజమల్లు తలవంచుకుని తిన్నాడు.

ఆ వారమే హన్మంతు సిరిసిల్ల నుంచి కొత్తగా అడ్డా మీదికి వచ్చాడు. ఇంట్లో బట్ట నేసే సాంచెలు అమ్మి జీపు కొన్నాడు. ఒక్క తిప్పుకు లేచే బండి. ఏడు జీపులు వరుసగా నెట్టించుకోవడం చూసి కడుపుబ్బ నవ్వాడు. ఆ నవ్వుతోనే షెడ్డు ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"నువ్వు ఎలక్ట్రీషియన్‌వా, బండ్లకు వట్టిన దయ్యానివా? మా సిరిసిల్లల నీ అసొంటోణ్ణి సాంచెలకు నూనె వొయ్య గూడ వెట్టుకోరు."

దారిన పోయేవాళ్ళంతా నవ్వారు. వెంకటేశం, లస్మయ్య మాత్రం నేల చూశారు. రాజమల్లు చెవులు ఎర్రబడ్డాయి. నొచ్చుకున్నాడు, బాగానే నొచ్చుకున్నాడు. అయినా స్క్రూడ్రైవరు తుడుచుకుంటూ కూర్చున్నాడు. చేతకానివాడికి రోషం మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది?

నాలుగు రోజుల తర్వాత, మిట్టమధ్యాహ్నం, హన్మంతు మళ్ళీ వచ్చాడు. చంకలో కొత్త టేపురికార్డరు ఉంది. అటూ ఇటూ చూసి రాజమల్లు చెవి దగ్గరికి వంగాడు.

"అన్నా, మందుపాతరలున్న అడవి తొవ్వకు రేపు తెల్లారంగ నా జీపుల పోతమని పోలీసోళ్ళు చెప్పి పోయిండ్రు, నెట్టితే గాని లేవని బండ్లను ఆళ్ళు ముట్టరట గదా, నాది గూడ గట్లనే చెయ్యి."