తుమ్మజిగురు తలుపు

రాతిగుట్ట కింద ఒక ఉడుత, ఒక చిట్టెలుక ఇరుగుపొరుగున ఉండేవి. వేసవిలో గింజ దొరకదు. అందుకని రెండూ పిల్లల కోసం ఇంట్లో కొంత, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుందని గుట్ట మీద కొంత దాచాయి. చిట్టెలుక గుట్టమీది బొరియకు రాయి అడ్డంపెట్టి, చుట్టూ తుమ్మజిగురు పూసింది. ఎండకు అది బిగుసుకుపోయింది. తొలకరికి తడిస్తే తప్ప ఊడదు.

ఉడుత పొట్ట పట్టుకుని నవ్వింది. "సొంత గింజలకు వానను బతిమాలాలా వదినా? నా తలుపు చూడు, తోకతో తడితే తెరుచుకుంటుంది!"

"నా చేతుల్ని నేనే నమ్మను మరిదీ. భయమేస్తే అవి ఏమైనా చేస్తాయి."

ఒకరోజు పందికొక్కు వచ్చి రెండిళ్లూ ఊడ్చేసింది. ఉడుత తోక పట్టుకుని, "మిగతావి ఎక్కడ?" అంది. ఉడుత ముందు నడిచి, "దయచేయండి బాబూ" అంటూ గుట్టమీది తలుపు తనే తీసింది.

పందికొక్కు చిట్టెలుక మెడ పట్టుకుంది. "నీదీ తియ్యి!"

"నన్ను చంపినా తెరుచుకోదు. వానను అడుగు."

పందికొక్కు ఆ జిగురును కొరికింది. పన్ను విరిగాక తిట్టుకుంటూ పోయింది.

గడ్డివేళ్లు నమిలి రెండిళ్ల పిల్లలూ బక్కచిక్కాయి గానీ బతికాయి. తొలకరికి జిగురు కరిగింది. ఉడుత తన పిల్లలను వెంటబెట్టుకుని వచ్చి నిలబడింది. చిట్టెలుక గింజలు తీసి అందరికీ పెట్టింది.

ఉడుత కడుపునిండా తిని మూతి తుడుచుకుంది. "అంతా బాగుంది గానీ వదినా, వచ్చే ఏడు ఆ జిగురు కాస్త పలచగా పూయి. ఆకలికి ఆగలేకపోయాం."