సంకెళ్ల బొమ్మ

ఇప్పుడు కూకట్‌పల్లిలో ప్రతి స్తంభానికీ మెడ తిప్పే ప్రొజెక్టరు ఉంది. ఎవరైనా "దొంగ" అని వేలు చూపిస్తే చాలు, ఆ మనిషి మీద ఎర్ర సంకెళ్ల బొమ్మ పడుతుంది, ఎటు పరిగెత్తినా వదలదు!

"ఓయ్ దొంగా, నా బజ్జీ కూడా మింగేశావా!" అని హైమ నవ్వుతూ మొగుడు కిరీటి వైపు వేలు చూపించింది.

ప్రొజెక్టరు సర్రున తిరిగింది. కిరీటి ఛాతీ మీద సంకెళ్లు వెలిగాయి.

"దొరికిండురా, ఏసెయ్యండి!" అంటూ బజారంతా మీదపడింది. ఒక లావుపాటాయన కర్రతో కిరీటి మోకాలు విరగ్గొట్టాడు.

"దొంగ కాదన్నా! ముద్దుగా అన్నానన్నా!" అని హైమ కిరీటి వైపే వేలు చూపిస్తూ గుండెలు బాదుకుంది. అందులో "దొంగ" ఒక్కటే విని, పక్క స్తంభాలు కూడా కిరీటి మీదే బొమ్మ వేశాయి.

కర్ర ఈసారి అతని తల మీదికి లేచింది.

హైమ ఆ లావుపాటాయనకి వేలు చూపించింది. "దొంగ!"

బొమ్మ ఆయన మీదికి దూకింది. జనం కూడా.